వడ్డీ గడిలో ముప్పావలా

2026 జనవరి 1, గురువారం. ఉదయం 11.20

చర్చి నుంచి వచ్చాం. కేకు అయింది. అమ్మ కోడికూర పొయ్యి మీద పెట్టింది. మా ఆవిడ ప్రిస్కిల్లా పడుకుంది. రాత్రి డ్యూటీ దిగి అటు నుంచి అటే ఆరాధనకి వచ్చింది, పాస్టరుగారి ప్రసంగం సగంలో నా భుజం మీద తల వాల్చేసింది.

ఊరికే కూర్చోక బ్యాంకు యాప్ తెరిచాను. కొత్త సంవత్సరం నాడు చేయాల్సిన పనేనా ఇది.

ఇప్పటిదాకా కట్టిన కంతులు: 30
ఒక్కో కంతు: 17,995
మొత్తం కట్టింది: 5,39,850
తగ్గిన అప్పు: 1,00,324

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. అంకెలు అవే. ఐదు లక్షల నలభై వేలు పోస్తే అసలు తగ్గింది లక్ష. మిగతాదంతా వడ్డీ. వినుకొండ రోడ్డు పక్కన ఇరవై లక్షల అప్పుతో కట్టిన ఇంట్లో ఇప్పటికి ఇరవయ్యో వంతు నాది. అంటే బాత్రూము. దానికీ తలుపు బ్యాంకుదే అయ్యుంటుంది.

అప్పు తీరేది జూన్ 2043. అప్పటికి నాకు 58. పురుగుమందుల కొట్లో 58 ఏళ్ళ సేల్స్‌మన్‌ని మా ఓనరు ధనుంజయరావుగారు ఉంచుకుంటారా అనేది ఒక బెంగ. అంతకన్నా పెద్ద బెంగ లోపలి గదిలో నిద్రపోతోంది. ప్రిస్కిల్లా ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది. రాత్రి డ్యూటీకి నెలకి మూడు వేలు ఎక్కువిస్తారని ఆరేళ్ళుగా అదే చేస్తోంది. నడుం పట్టేసి మెట్లు ఒక్కొక్కటే పట్టుకుని దిగుతోంది. ఇల్లు కట్టేటప్పుడు నేనే మాటిచ్చాను, అప్పు కాస్త దిగగానే రాత్రి డ్యూటీ మానేద్దువులే అని. కాస్త అంటే ఎంతో నేను చెప్పలేదు, ఆమె అడగలేదు.

తీర్మానం:
1. ప్రతి నెలా వడ్డీ ఎంత, అసలు ఎంత అన్నది ఎక్సెల్ షీట్లో నేనే వేసుకోవాలి. బ్యాంకు చెప్పింది నమ్మకూడదు.
2. కంతు కాక నెలకి ఐదు వేలు అసలుకి అదనంగా కట్టాలి.
3. బయట టీ, మిర్చి బజ్జీ బంద్. రోజుకి నలభై. నెలకి పన్నెండొందలు.
4. డైరీలో అబద్ధం రాయకూడదు.

జనవరి 2, శుక్రవారం. మధ్యాహ్నం 2.10

కొట్లో మూలన పడేసిన లాప్‌టాప్ ఓనరుని అడిగి తీసుకున్నాను. ఐదు అంకె మీట మీద గుద్దితే గాని పడదు. మిగతావి బాగానే ఉన్నాయి.

గుల్షన్ అని మా కొట్లో బిల్లులు కొట్టే అమ్మాయి ఉంది. ఎక్సెల్ ఆమెకి కొట్టిన పిండి. అన్నాల టైములో పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది.

"చూడన్నా. ఈ గడిలో అప్పు. ఈ గడిలో ఏడాది వడ్డీ. దాన్ని నూటితో, మళ్ళా పన్నెండుతో భాగించి అప్పుతో గుణిస్తే ఈ నెల వడ్డీ వస్తది. కంతులోంచి వడ్డీ తీసేస్తే మిగిలింది అసలు. ఇంక ఈ మూల పట్టుకుని కిందికి లాగు."

"ఎందాకా?"

"అప్పు సున్నా అయ్యే దాకా లాగతానే ఉండు."

ఎకరం మిర్చికి ఏ మందు ఎంత కలపాలో నోటి మీద చెప్పేవాణ్ణి, నాకిదొక లెక్కా. ఆమె చెప్పింది సగమే విన్నాను. సగం చాలు.

జనవరి 4, ఆదివారం. మధ్యాహ్నం 3.40

షీటు పూర్తయింది, వడ్డీ గడి ఒక్కటి తప్ప. బ్యాంకు కాయితాలు బీరువాలో, బీరువా ప్రిస్కిల్లా పడుకున్న గదిలో. లేపడం ఎందుకని వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతున్న అమ్మని అడిగాను.

"అమ్మా, మన ఇంటప్పు వడ్డీ ఎంత?"

"ముప్పావలా." తల కూడా ఎత్తలేదు. "ఊరంతా రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటా ఉంటే నీకు ముప్పావలాకి ఇచ్చారు. దేవుడి దయ కాకపోతే ఏంది."

మా వైపు వడ్డీ ఎవరు చెప్పినా రూపాయల్లోనే చెబుతారు. ముప్పావలా అంటే డెబ్బై ఐదు పైసలు. 0.75 కొట్టాను. మూల పట్టుకుని లాగాను.

నూట పదహారో కంతుకి అప్పు సున్నా.

ఫిబ్రవరి 2033.

బ్యాంకు చెప్పింది జూన్ 2043. అంటే నూట ఇరవై నాలుగు కంతులు నా దగ్గర ఊరికే గుంజుతున్నారు. 22,31,380 రూపాయలు. ఇంకో ఘోరం: ఇప్పటికి నా బాకీ 14,93,071 ఉండాలి. యాప్‌లో 18,99,676 ఉంది. నాలుగు లక్షలు మింగేశారు.

దొంగ వెధవలు. డైరీలో రాయకూడని మాటే. రాశాను.

ప్రిస్కిల్లాకి ఇప్పుడే చెప్పను. రేపు బ్యాంకులో తేల్చుకుని, డబ్బు వెనక్కి వేయించుకుని, ఒకేసారి చెబుతాను.

జనవరి 5, సోమవారం. మధ్యాహ్నం 1.15

షీటు నాలుగు పేజీలు ప్రింటు తీయించుకుని పోయాను. కౌంటర్లో మేడమ్ ముందు పరిచాను. గొంతు కూడా కాస్త పెంచాను, పక్క కౌంటర్లకి వినపడాలని.

ఆమె మొదటి పేజీ చూసింది. రెండో పేజీ దాకా పోనే లేదు.

"వడ్డీ ఎంత వేశారు సార్?"

"ముప్పావలా."

"నెలకా, ఏడాదికా?"

పేజీ నా వైపు తిప్పుకుని ఆ గడి వెతికాను.

"నూటికి నెలకి ముప్పావలా సార్ మీది. ఏడాదికి తొమ్మిది రూపాయలు. మీ షీట్లో ఏడాది గడిలో తొమ్మిది వెయ్యాలి. మీరు ఏడాది మొత్తానికి కలిపి ముప్పావలా వేసుకున్నారు."

వెనక క్యూలో నూజెండ్ల రైతు ఒకాయన, మా కొట్టుకి వచ్చేవాడే, భుజం మీద నుంచి తొంగి చూశాడు. "ఏడాదికి ముప్పావలాకి ఇచ్చే బ్యాంకు ఏడన్నా ఉంటే మాకూ చెప్పు మనోజూ. పొద్దున్నే పోయి పడుకుంటాం దాని గుమ్మంలో."

క్యూ అంతా నవ్వింది. సెక్యూరిటీ గార్డు కూడా.

బయటికి వచ్చి ఒక టీ తాగాను. ఇది తీర్మానం కిందికి రాదు. వైద్యం కిందికి వస్తుంది.

జనవరి 6, మంగళవారం. ఉదయం 6.50

పోనీ, తెలియక చేసిన తప్పు. వడ్డీ గడిలో 9 కొట్టాను. అప్పు మళ్ళీ జూన్ 2043కి పోయి కూర్చుంది.

ఇప్పుడు అసలు మందు. అదనం అని ఇంకో వరస పెట్టి, ఈ నెల గడిలో 5,000 కొట్టి కిందికి లాగాను. ఒక్క లాగుడుకి నూట ముప్పై గడులు నిండాయి. ఆరున్నర లక్షలు. ఇంత తేలిగ్గా డబ్బు కట్టడం నా జన్మలో ఎరగను.

అప్పు తీరేది: అక్టోబరు 2036. ఆరేళ్ళ ఎనిమిది నెలలు ముందు. వడ్డీలో మిగిలేది ఎనిమిది లక్షలు.

షీట్లో అన్నింటికన్నా పైన ఒక వరస చేర్చి పచ్చరంగు పూశాను. "ప్రిస్కిల్లా రాత్రి డ్యూటీ మానే నెల: అక్టోబరు 2036." ఆమెకి చూపించలేదు. ఇంకా ముందుకి జరిపి చూపిస్తాను.

జనవరి 12, సోమవారం. ఉదయం 11.40

కట్టాను. ఐదు వేలు. కంతు పోను, అదనంగా, అసలుకి.

బాకీ: 18,90,929.

రసీదు పర్సులో పెట్టుకుని పొద్దుట్నుంచి నాలుగుసార్లు చూసుకున్నాను. బజ్జీల బండి పక్కనుంచే నడిచి వచ్చాను, తల తిప్పలేదు. ఇంత తేలికైన పనికి మనుషులు ఎందుకు ఏడుస్తారో తెలియదు.

జనవరి 17, శనివారం. ఉదయం 7.30

గుల్షన్ గుండ్రటి బొమ్మ గీయడం నేర్పింది. కంతులో వడ్డీ ఎరుపు, అసలు పచ్చ. అమ్మకి చూపించాను.

"ఈ ఎర్రదంతా ఏందిరా?"

"బ్యాంకుది."

"మరి మనది?"

"ఈ పచ్చ ముక్క."

అమ్మ చాలాసేపు చూసింది. "కొసరు వేసినట్టుందే" అంది.

ఆమె మొహం చూడలేక ఒక మంచి మాట చెబుదామనుకున్నాను. "అయినా అప్పు పంతొమ్మిది లక్షల కిందికి దిగిందిలే అమ్మా" అన్నాను. ఈ ఒక్క మాట అనకుండా ఉండాల్సింది.

"ఇరవై నుంచా? అంటే లక్ష మిగిలింది."

"మిగల్లేదమ్మా. తగ్గింది."

"తగ్గితే మిగిలినట్టే గదరా. దశమ భాగం పదివేలు తియ్యాల."

సంపాదనలో పదో వంతు దేవుడికి ఇవ్వడం మా ఇంట్లో మొదట్నుంచీ ఉన్నదే. తగ్గిన అప్పులో పదో వంతు ఇవ్వడం నేనెక్కడా వినలేదు. అరగంట వాదించాను. గ్రేసమ్మ ముప్పై ఏళ్ళు బడిలో ఆయాగా చేసిన మనిషి, ఆమె మీద గెలిచిన హెడ్మాస్టరు లేడు. చివరికి రాజీకొచ్చాం. పదివేలు వద్దు. ఇంట్లో చిన్న కృతజ్ఞత కూడిక పెట్టుకుందాం. పాస్టరుగారు, సంఘంలో నలుగురు పెద్దలు, టీ, బిస్కట్లు.

ఐదొందల్లో తేలిపోతుంది. పదివేలు మిగిల్చాను.

జనవరి 18, ఆదివారం. మధ్యాహ్నం 12.50

ఆరాధనలో అమ్మ సాక్ష్యం చెప్పడానికి లేచింది. మైకు పట్టుకుని, మా అబ్బాయి ఇంటప్పు విషయంలో దేవుడు గొప్ప కార్యం చేశాడు, వచ్చే నెల ఏడో తారీఖు శనివారం మా ఇంట్లో కృతజ్ఞత కూడిక, మీరందరూ కుటుంబాలతో రావాల, అని చెప్పి కూర్చుంది.

మా సంఘంలో కృతజ్ఞత కూడిక పని పూర్తయ్యాక పెడతారు. ఉద్యోగం వచ్చాక, ఆపరేషన్ బాగయ్యాక, అప్పు తీరాక. అప్పు ఇరవయ్యో వంతు తగ్గినందుకు పెట్టినవాళ్ళు ఇంతవరకూ లేరు. కాబట్టి బయటికి రాగానే అందరూ నా చేతులు పట్టుకుని ఊపారు. ఒకాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇరవై లక్షలు మూడేళ్ళలో తీర్చావా నాయనా అన్నాడు.

కాదనడానికి రెండుసార్లు నోరు తెరిచాను. అమ్మ నా వైపు చూస్తోంది.

ఫిబ్రవరి 7, శనివారం. సాయంత్రం 5.30

కూడిక అయింది. అరవై రెండు మంది.

చికెన్ 14 కిలోలు: 3,360
బియ్యం, నూనె, మసాలా: 3,900
షామియానా, కుర్చీలు, మైకు: 3,500
వంటాయన: 2,000
పాస్టరుగారికి బట్టలు, కానుక: 2,500
ప్లేట్లు, గ్లాసులు, ఐస్‌క్రీము: 1,340
మొత్తం: 16,600

మూడు నెలల అదనం పోగా ఇంకా పదహారొందలు. ఇవి టీ బిస్కట్లు.

ప్రిస్కిల్లా పొద్దున ఎనిమిదిన్నరకి డ్యూటీ నుంచి వచ్చింది. మొహం కడుక్కుని చీర మార్చుకుని కుర్చీలు సర్దింది. పెద్ద ప్రార్థన నడుస్తుండగా గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. అందరూ ఆమెన్ అన్నాక కూడా తెరవలేదు. "ఎంత భక్తి గల కోడలమ్మా గ్రేసమ్మా నీకు" అంది పక్కావిడ. అది నిద్ర అని నాకొక్కడికే తెలుసు. మోచేత్తో తట్టాను. లేచి అరవై రెండు మందికీ వడ్డించింది.

పోతూ పోతూ ఇద్దరు నన్ను పక్కకి పిలిచారు. నీ అప్పు తీరిందిగా, ఒక యాభై వేలు సర్దమన్నాడు ఒకాయన. ఇంకొకాయన లక్షతో మొదలుపెట్టాడు.

ఇప్పుడు ఆమె గదిలో నడుముకి బెల్టు బిగించుకుంటోంది. రెండు గంటల్లో మళ్ళీ డ్యూటీకి పోవాలి. పగలంతా పడుకోలేదు. అప్పు తగ్గినందుకు కృతజ్ఞతలు చెప్పడానికి ఈ ఇంట్లో ఎక్కువ ఖర్చయిన మనిషి ఆమె. నాకు చాలా సిగ్గుగా ఉంది.

ఫిబ్రవరి 12, గురువారం. ఉదయం 7.05

కంతు పోయింది. అదనం ఈ నెల లేదు.

షీట్లో మాత్రం ఫిబ్రవరి గడిలో 5,000 ఉంది. జనవరిలో లాగినప్పుడు పడింది. చెరపాలని మీట మీద వేలు పెట్టాను. మార్చిలో పదివేలు కట్టేస్తే సరిపోయేదానికి ఇప్పుడు చెరపడం, మళ్ళీ కొట్టడం దేనికి. పైగా ఐదు మీట పడదు.

ఉంచాను.

ఫిబ్రవరి 19, గురువారం. ఉదయం 9.20

కట్టకపోయినా లెక్క ఆపలేదు. అది ముఖ్యం. ఇవాళ రకరకాలుగా వేసి చూశాను.

అదనం పదివేలైతే: జనవరి 2034
పదిహేను వేలైతే: మే 2032
ఇరవై ఐదు వేలైతే: ఆగస్టు 2030

నా జీతం ఇరవై ఆరు వేలు, కంతు ప్రిస్కిల్లా జీతంలోంచి పోతుంది. మిగిలిన వెయ్యితో నెల గడపలేమా అని ఐదు నిమిషాలు నిజంగానే ఆలోచించాను.

కొట్టుకి ఆలస్యమైంది. ఓనరు ఏమీ అనలేదు, గడియారం వైపు చూశారు.

మార్చి 3, మంగళవారం. మధ్యాహ్నం 1.40

షీట్లో ఒక వరస నిండా అంకెలు పోయి గీతలు గీతలుగా పడ్డాయి. చెడిపోయిందని గుల్షన్‌కి చూపించాను.

"ఏం చెడలేదన్నా. అంకె పెద్దది, గడి చిన్నది. పట్టట్లా."

నా ఇంటి సంగతి ఇంత సూటిగా ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

గడి వెడల్పు చేసి ఇచ్చింది. "మరి కడతన్నావా అన్నా అదనం?" అని అడిగింది. కడుతున్నానమ్మా అన్నాను. డైరీలో అబద్ధం రాయకూడదన్నాను గాని, కొట్లో చెప్పకూడదని ఎక్కడా రాసుకోలేదు.

మార్చి 12, గురువారం. ఉదయం 7.15

అదనం ఈ నెలా లేదు. కారణాలు:

బండి వెనక టైరు: 2,100
మా అమ్మాయి చిన్నారి స్కూలు ఫీజు, పాత బాకీ: 6,000
ఈస్టరుకి బట్టలు: 4,500 (అమ్మ లెక్క. ఇంకా పెరుగుతుంది)
ఎండలు మొదలయ్యాయి. ఫ్యాను కాలిపోయింది: 1,850

బజ్జీలు మళ్ళీ మొదలుపెట్టాను. బజ్జీలు మానితే అప్పు తీరేటట్టయితే ఈ ఊళ్ళో బజ్జీల బండివాడు కాక ఇంకెవరూ బాకీ ఉండరు.

ఏప్రిల్‌లో పదిహేను వేలు కట్టాలి. అప్పుడు మూడూ సరి.

మార్చి 24, మంగళవారం. ఉదయం 6.40

నిజం రాస్తున్నాను. ఇవాళ లేవగానే షీటు తెరిచి, ఊరికే, వడ్డీ గడిలో 9 చెరిపి 0.75 కొట్టాను.

అప్పు తీరేది: జూలై 2031. అదనం గడుల్లో ఐదు వేలు బారుగా ఉన్నాయి, వడ్డీ ముప్పావలా, అంకెలు చకచకా దిగిపోతున్నాయి. ప్రిస్కిల్లా పేరు పక్కన కూడా జూలై 2031 అని పడింది. ఎండలో వచ్చి చల్లటి మజ్జిగ తాగినట్టుంది. ఐదు నిమిషాలు చూసుకుని మూత వేశాను.

మార్చి 30, సోమవారం. ఉదయం 6.40

మళ్ళీ చూసుకున్నాను. 9 కొట్టడం లేదు. కొడితే ఏముంది చూడ్డానికి.

ఏప్రిల్ 16, గురువారం. ఉదయం 9.30

ఈ నెలా కట్టలేదు. అది కాదు ఇవాళ్టి సంగతి.

పొద్దున ప్రిస్కిల్లా డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతూనే, "కాయితం ఇచ్చేశానండీ" అంది.

"ఏం కాయితం?"

"పగటి డ్యూటీకి. మేట్రనమ్మ సంతకం పెట్టింది. మే ఒకటో తారీఖు నుంచి పొద్దున ఎనిమిదికి పోయి సాయంత్రం నాలుగున్నరకి రావడమే. మూడు వేలు తగ్గుద్ది. తగ్గితే తగ్గింది."

నాకేమీ అర్థం కాలేదు. మొన్న ఆదివారం చిన్నారి కూడిక ఫోటోలు చూపిస్తానని లాప్‌టాప్ తెరిచిందట. షీటు తెరిచే ఉంది. పైన పచ్చరంగులో తన పేరు కనపడింది.

"నాకు చెప్పకుండా ఇంత పని చేశారా. ఇరవై ఏళ్ళ అప్పు ఐదేళ్ళకి దించారు. ఐదేళ్ళలో ఎట్టాగూ తీరిపోయేదానికి, ఆ మూడు వేల కోసం నేను నడుం విరగ్గొట్టుకోవడం దేనికి? ఒక ఏడాది ఆలస్యమైతే అయింది. అనుకున్నా, రాసి ఇచ్చేశా."

అలా అంటూ నవ్వింది. ఆమె నవ్వితే కింది పన్ను ఒకటి కాస్త వంకరగా కనపడుతుంది. అది చూసి చాలా రోజులైంది. నేను మంచి పని చేశావన్నాను. ఇంకేమనాలి.

ఏప్రిల్ 17, శుక్రవారం. ఉదయం 8.10

చెప్పలేదు. కారణాలు:

1. ఆమె ఇంకా రాలేదు.
2. వచ్చాక పడుకుంటుంది.
3. లేచాక అమ్మ ఉంటుంది.

సాయంత్రం 6.00

ఆమె వచ్చింది, పడుకుంది, లేచింది, అమ్మ లేదు. చెప్పలేదు.

ఏప్రిల్ 18, శనివారం. ఉదయం 10.15

చెప్పాను.

డ్యూటీ నుంచి వచ్చి కాఫీ తాగుతోంది. లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టి, వడ్డీ గడి చూపించి, 0.75 చెరిపి 9 కొట్టాను. అదనం గడుల్లో ఫిబ్రవరి నుంచి ఉన్న ఐదు వేలన్నీ తీసేశాను. జనవరిది ఒక్కటే మిగిలింది. కట్టింది అదొక్కటే గనక.

పచ్చ గడిలో మే 2043 పడింది.

ప్రిస్కిల్లా ఆ గడి మీద వేలు పెట్టింది.

"అంటే 2031 కాదా?"

"కాదు."

"బ్యాంకు ముందు చెప్పింది ఎప్పుడు?"

"2043 జూన్."

"ఇన్నాళ్ళూ పొద్దున్నే దీని ముందు కూర్చుని ఒక్క నెల తగ్గించారా?"

"ఒక్క నెల" అన్నాను. బ్యాంకులో క్యూ ముందు పోయిన పరువు చెప్పాను. కట్టకుండానే గడిలో ఉంచుకున్న ఐదు వేలు చెప్పాను. పొద్దున్నే ముప్పావలా కొట్టుకుని చూసుకోవడం కూడా చెప్పాను. అది చెప్పేటప్పుడు తల ఎత్తలేకపోయాను. ఆమె అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది.

"నేను మానే నెల నన్నడక్కుండా మీరు ఎట్టా రాశారు?" అంది.

నిజమే. పదేళ్ళ తర్వాత మానొచ్చని రాసి, దానికి పచ్చరంగు పూసి, ఆమెకేదో బహుమతి ఇస్తున్నట్టు మురిసిపోయాను.

"పోనీ ఆ కాయితం వెనక్కి తీసుకుంటావా?" అడగలేక అడిగాను. మూడు వేలంటే మూడు వేలే మరి.

కాఫీ గ్లాసు పక్కన పెట్టింది. "తీసుకోను. ఆ అంకె తప్పని తెలిసుంటే నేను ఆ కాయితం రాసేదాన్నే కాదు. తెలియక రాశా. రాసి ఇచ్చి మెట్లు దిగతా ఉంటే చానా తేలిగ్గా ఉండింది. మళ్ళా పైకెక్కి వద్దులెండమ్మా అని నేను చెప్పలేను."

"మరి అప్పు?"

"మీ షీటు ప్రకారం 2043. నా నడుం ప్రకారం వచ్చే నెల ఒకటో తారీఖు. ఏది ముందొస్తే అది."

లేచి పడుకోడానికి పోయింది. తలుపు దగ్గర ఆగి, చికెన్ పదహారు వేలకి వండించేటప్పుడు ఈ లెక్క అమ్మకి ఎందుకు చూపించలేదని అడిగింది. చూపించానని, అందుకే వండించాల్సి వచ్చిందని చెప్పాను. నవ్విందో, విసుక్కుందో, చీకటి గదిలో తెలియలేదు.

మే 4, సోమవారం. సాయంత్రం 6.40

రెండు వారాలు లాప్‌టాప్ ముట్టుకోలేదు. ఇవాళ తెరిచాను.

పాత షీటు తీసి పక్కన పడేశాను. కొత్తది మొదలు. ఈసారి రంగులు లేవు, గుండ్రటి బొమ్మలు లేవు, ఎవరి పేర్లూ లేవు.

బాకీ: 18,79,404
వడ్డీ, ఏడాదికి: 9
కంతు: 17,995

తీర్మానం:
1. కంతు కాక నెలకి ఐదొందలు. మూడు వేలు తగ్గిన ఇంట్లో ఇంతే కుదురుతుంది. ఇది మాత్రం కుదురుతుంది.
2. బజ్జీల గురించి ఏమీ రాసుకోను.

అదనం గడిలో 500 కొట్టి, ఐదు మీట మూడోసారికి పడితే, మూల పట్టుకుని కిందికి లాగాను. నూట తొంభై మూడు గడులు నిండాయి. మే 2042. ఏడాది ముందు. పర్వాలేదనిపించింది. నిజం చెప్పాలంటే చాలా సంతోషమేసింది.

వంటింట్లో ప్రిస్కిల్లా, అమ్మ గోంగూరలో ఉప్పు గురించి గొడవ పడుతున్నారు. ఈ టైములో వాళ్ళిద్దరూ ఒకే గదిలో ఉండడం ఈ ఇల్లు కట్టాక ఇప్పుడే. ప్రిస్కిల్లా చేయి తుడుచుకుంటూ వచ్చి నా వెనక నిలబడింది.

"ఈ ఐదొందలు ఏంది?"

"అదనం. నెలకి."

"కట్టారా?"

"కంతు పోయే పదో తారీఖు ఆదివారం. పదకొండున కడతాను."

"కట్టాక వెయ్యండి."

"ఊరికే లెక్క కోసం..."

"కట్టాక వెయ్యండి" అంది మళ్ళీ. గొంతు పెంచలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

నూట తొంభై మూడు గడులూ తుడిచేశాను. తుడిచేదాకా ఆమె లేవలేదు. చివర మళ్ళీ మే 2043 పడింది. అదీ చూసింది. అప్పుడు అన్నానికి లేవమంది.

అదనం వరస ఇప్పుడు పైనుంచి కింది దాకా ఖాళీ. పదకొండున బ్యాంకుకి పోవాలి.